అతిమానుష వీరులును ప్రేక్షకుల తీర్పును

బొమ్మల పుస్తకములోని వీరుడు టెలివిజను తెఱపైకి వచ్చినంతనే చూచినవారెల్లరును తీర్పరులగుదురు. కావ్యవిమర్శ యనిన జంకువాడు సైతము వీరుని దుస్తుల రంగును గుఱించియు, అతడు ఎగురు తీరును గుఱించియు, ప్రతినాయకుని యట్టహాసమును గుఱించియు సంకోచము లేక యభిప్రాయము చెప్పును. ఇది పరిహసింపదగిన విషయము కాదు. నేటి బాలురలో పెక్కండ్రు మొట్టమొదట చేయు సాహిత్యవిమర్శ యిదియే. ఈ విమర్శ యే ప్రశ్నల నడుగుచున్నది, దేని నడుగక విడుచుచున్నది యను విచారము పండితులకు తగదని కొందఱకు తోపవచ్చును గాని, బాలుర చదువును చేతబట్టినవారి కది తప్పించుకొనరాని విధి.

మంత్రాలయము తుంగభద్ర యొడ్డున కన్నడసీమకు గడపవంటి యూరు. రాఘవేంద్రస్వామి బృందావన దర్శనమునకు వచ్చు యాత్రికులు నాలుగైదు భాషలవారు. ఊరి బిడ్డలు రెండు మూడు భాషలు చెవిని పడుచుండగా పెరుగుదురు. కావున హిందీలో వచ్చిన శక్తిమాన్‌యును, తెలుగు గొంతు పెట్టుకొని వచ్చిన విదేశ వీరులును వీరికి సమానముగా చుట్టములే. బడిలోను, బజారులోను, రచ్చకట్ట మీదను ఈ వీరులను గూర్చి వినవచ్చు మాటలను పోగుచేసి చూడగా అవి మూడు తెగలుగా తేలుచున్నవి. "పుస్తకములో నున్నట్లు లేదు" అనునది మొదటిది. "మా చిన్ననాటిదే మేలు" అనునది రెండవది. "దీనిని చూచి పిల్లలు చెడుచున్నారు" అనునది మూడవది. మొదటిది పుస్తకములు చదివిన కుఱ్ఱవారి మాట. రెండవది ముప్పది నలువది యేండ్లవారి మాట. మూడవది తల్లిదండ్రుల మాట. మూటియందును కొంత సత్యము కలదు, ఏదియు చాలదు.

మొదటి మాటను ముందు పరిశీలింతము. పుస్తకమునందలి వీరుడు స్థిరుడనియు, టెలివిజనువారు వానిని చెఱచిరనియు వీరి తలంపు. చరిత్ర యీ తలంపును బలపఱుపదు. అమెరికాలో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను నిద్దఱు యువకులు సృజించిన సూపర్‌మాన్ 1938వ సంవత్సరమున బొమ్మల పుస్తకమునకెక్కెను. ఆనాడతడు పక్షివలె నెగురలేదు. ఎత్తైన మేడలను లంఘించుచుండెను. ఎగురుట తరువాత వచ్చిన విద్య. 1940లో నారంభమైన రేడియో నాటకమును, 1941లో మొదలైన కదలు బొమ్మల చిత్రములును దానిని లోకమున స్థిరపఱచినవి. అతని బలమును హరించు క్రిప్టొనైట్ అను రాయి 1943లో రేడియో నాటకమున పుట్టి, 1949లో గాని పుస్తకములోనికి రాలేదు. నేడా రాయి లేని సూపర్‌మాన్‌ను చూపినచో మూలము చెడినదని మొదట కేకవేయువాడు పుస్తకభక్తుడే. బాట్‌మాన్ కథయు నిట్టిదే. 1959లో పుస్తకమున మిస్టర్ జీరోగా వచ్చిన మంచువీరుడు 1966 నాటి టెలివిజనునందు మిస్టర్ ఫ్రీజ్ అను పేరు పొందెను. 1992లో వచ్చిన బొమ్మల ధారావాహిక వానికి రోగపీడితయైన భార్యను కల్పించి, అంతవఱకు నవ్వులాటకు మాత్రమే పనికివచ్చిన దుష్టునియందు కరుణరసమును నింపెను. పిమ్మట పుస్తకములే యా కల్పనను స్వీకరించినవి. మూలమే యనుకరణమునొద్ద నప్పుపడినదన్నమాట.

మన కిది వింతగాదు. మహాభారతమునందలి శకుంతల కథలో దుర్వాసుని శాపము లేదు, ముద్రిక లేదు. కాళిదాసు వానిని కల్పించి దుష్యంతుని మఱపునకు క్షమార్హతను సంపాదించెను. మూలము తప్పెనని కాళిదాసును నిందించినవా డెవడు? కథలో రసమునకు విరుద్ధమైన యంశమున్నచో కవి దానిని విడిచి వేఱొక తగిన కథను కల్పించుకొనవచ్చునని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున స్పష్టముగా ననుజ్ఞ నిచ్చెను. కావున మార్పు జరిగినదా యని యడుగుటతో విమర్శ ముగియరాదు. ఆ మార్పువలన రసమేమయ్యెను అని యడుగవలయును.

ఈ ప్రశ్న వేసినచో ప్రేక్షకుల కోపములలో నేది సహేతుకమో తెలియును. 1966 మొదలు 1968 వఱకు 120 భాగములుగా వచ్చిన బాట్‌మాన్ ధారావాహికను పెద్దలు నవ్వుచు చూచిరి. చిన్నలు నిజమైన వీరగాథయని గుండెలుగ్గబట్టి చూచిరి. పుస్తకాభిమానులలో పలువురు తమ వీరుని విదూషకుని చేసిరని నొచ్చుకొనిరి. హాస్యము దోషము కాదు. చిన్నతనమున కన్నులయెదుట తల్లిదండ్రులు హతులుగాగా, అట్టి దుఃఖము మఱియొకరికి రాకుండ చూతునని కట్టుకొన్న వ్రతమే బాట్‌మాన్ ప్రాణము. ఆ ధారావాహిక యా దుఃఖమును ఒకటి రెండు మాటలతో దాటివేసినది. వ్రతము పోగా వేషము మిగిలెను. అభిమానుల నొప్పికి మూలమిది. వారు దుస్తులనుగూర్చి వాదించిరి గాని బాధ దుస్తులలో లేదు.

దీనికి విపర్యయముగా జపానుదేశపు స్పైడర్‌మాన్‌ను చూడుడు. 1962లో అమెరికాలో పుట్టిన స్పైడర్‌మాన్ తన యుపేక్షవలన పినతండ్రి మరణించెనను తాపముచే లోకరక్షణకు పూనుకొన్నవాడు. 1978లో జపానునందు తొయే సంస్థ తీసిన టెలివిజను ధారావాహికలో వీరుని పేరు వేఱు, వృత్తి వేఱు, శత్రువులు వేఱు. బలము గ్రహాంతరవాసి యొసగినది. కొండంత యంత్రపురుషుడు కూడ సహాయమునకు వచ్చును. వేషము తప్ప తక్కిన దంతయు మాఱెను. కాని యక్కడను వీరుడు చంపబడిన తండ్రికొఱకు, మరణించుచు తనకు బలమిచ్చినవానికొఱకు పోరాడును. మృతుల ఋణము మోయుట యనునది సముద్రము దాటియు చెడలేదు. కథను మార్చినవారిలో నెవరు మూలమునకు సన్నిహితులు? లెక్కకు అమెరికావారు, తత్త్వమునకు జపానువారు.

ఇక రెండవ మాట. శక్తిమాన్ 1997 సెప్టెంబరు 13వ తేదీన దూరదర్శనునందు మొదలై 2005 వఱకు నడచెను. అంతకుముందు మహాభారతమున భీష్ముని వేషము ధరించి దేశమెల్ల నెఱుగబడిన ముఖేష్ ఖన్నాయే దానిలో నాయకుడు. అది బొమ్మల పుస్తకమునుండి పుట్టినది కాదు. తానే పిమ్మట బొమ్మల పుస్తకమయ్యెను. అయినను దాని యచ్చు అమెరికా పుస్తకములదని యెల్లరకు తెలియును. కండ్లజోడుతో, ఎత్తు పండ్లతో పత్రికాలయమున ఫొటోలు తీయు గంగాధర్, పత్రికలో పనిచేయు సూపర్‌మాన్‌కు వేలువిడిచిన తమ్ముడు. 2020 ఏప్రిల్‌లో మహమ్మారివలన జనులు ఇండ్లలో బందీలై యుండగా దూరదర్శను దానిని మరల ప్రసారము చేసెను. ఒకనాడు బాలురుగా చూచినవారు నాడు తమ బిడ్డలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూచిరి. తండ్రి కన్నులు చెమర్చినచోట కొడుకు నవ్వెను. ఈ నవ్వు తండ్రులకు కష్టము కలిగించినమాట నిజము. కాని చిన్ననాటి యాదివారపు తియ్యదనము కథకు చెందిన గుణము కాదు; అది చూచినవాని బాల్యమునకు చెందినది. కొడుకు నవ్వియు పూర్తిగా చూడలేదు. అతని కంట తీగల కతుకు కనబడెను గాని కథలోని క్రొత్తదనము కనబడలేదు.

ఆ క్రొత్తదన మేది? సూపర్‌మాన్ బలము పుట్టుకతో వచ్చినది; అతడు వేఱొక గ్రహమున జన్మించుటయే దానికి కారణము. శక్తిమాన్ బలము సాధనచే వచ్చినది. గురువులు కలరు, యోగము కలదు, కుండలినీ చక్రములు కలవు, పంచభూతములు కలవు. తెలుగున 1980లో నందమూరి తారకరామారావు నటించిన సూపర్ మ్యాన్ చలనచిత్రమునందు వీరునికి హనుమంతుని యనుగ్రహమున బలము కలిగెను. విదేశపు అచ్చును తెచ్చుకొన్న రెండు సందర్భములందును మనవారు మార్చినది ఒక్కటే: బలము వచ్చు త్రోవ. పుట్టుకను విడిచి తపస్సును, అనుగ్రహమును నిలిపిరి. అనుకరణమని తీసివేయువారు దీనిని గమనింపలేదు. పుట్టుకచేతనే గొప్పతనమని నమ్మి చెడిన దేశమున, బలము సాధింపదగినదని చెప్పుట చిన్న మేలు కాదు.

ఈ మేలునందే యపాయమును దాగియున్నది. వేఱు గ్రహమున పుట్టుట బాలునికి సాధ్యము కాదు. సాధన చేసిన తానును శక్తిమాన్ కావచ్చునని మాత్రము నమ్మగలడు. ఇక్కడ తల్లిదండ్రుల మాట వచ్చుచున్నది. ఆ ధారావాహిక నడచుచున్న యేండ్లలో, శక్తిమాన్ వచ్చి కాపాడునను నమ్మకముతో పిల్లలు మేడలమీదినుండి దూకిరనియు, నిప్పంటించుకొనిరనియు వార్తలు పత్రికలలో వచ్చెను. అవి నిజములు కావని ముఖేష్ ఖన్నా వాదించెను. ఏది యెంత నిజమైనను తల్లుల వెఱపు మాత్రము నిజము. ఆ వెఱపునకు ధారావాహిక సమాధానము చెప్పవలసివచ్చెను. నాయకుడే తెఱపైకి వచ్చి తన సాహసముల ననుకరింపవలదని చెప్పెను. ప్రతిభాగము చివర బాలురకు మంచి నడవడి చెప్పు చిన్న ఘట్టమును చేర్చిరి. తప్పుచేసిన బిడ్డ "సారీ శక్తిమాన్" అనుటతో నది ముగియుచుండెను. ప్రేక్షకుల యభిప్రాయము ఒక కథను మార్చగలిగినదనుట కింతకన్న మంచి నిదర్శనము మన దేశమున నరుదు. పండ్లు తోముకొనుటయు, అబద్ధమాడకుండుటయు వేలకొలది బిడ్డలకు దానివలన గుర్తుండిన మాటయు కాదనరాదు.

అయినను విమర్శకు డిచ్చట నిలిచి యొకమాట చెప్పవలయును. మమ్మటుడు ఉపదేశమును మూడు విధములుగా విభజించెను. ప్రభువువలె శాసించునది వేదము. మిత్రునివలె నచ్చజెప్పునది పురాణము. ప్రియురాలివలె హృదయమున జొచ్చి మార్చునది కావ్యము. తోకకు కట్టిన నీతి ప్రభువు శాసనము. దానికి ముందున్న యరగంట కథ మాత్రము బిడ్డతో వేఱు మాట చెప్పుచుండెను: ఎవడైనను పడుచుండిన, వెంటనే పట్టుకొనుటకు చేయి వచ్చును. ఒకచోట కథ, ఇంకొకచోట నీతి ఉండగా బాలుడు దేనిని నమ్మును? కథనే నమ్మును. కావున దోషము ఎగురుటలో లేదు, పోరాటములో లేదు. రక్షణ యెన్నడును తప్పదనియు, దానికెవ్వరును వెల చెల్లింపనక్కఱలేదనియు కథ మాటిచ్చుటలో నున్నది. ఆ మాటను కథలోపలనే సరిదిద్దవలసియుండెను.

సరిదిద్దు విద్య మన ప్రాచీనులకు తెలియును. హనుమంతునికి మించిన అతిమానుష వీరుడు మనకు లేడు. బాల్యమున మునుల నేడిపించినందున తన బలము తనకు తెలియకుండునట్లు శాపము పొందెనని రామాయణము చెప్పుచున్నది. సముద్రతీరమున జాంబవంతుడు తలపించువఱకు అతడును తక్కిన కోతులవలెనే కూర్చుండియుండెను. బలము తనదైనను తాళపుచెవి వేఱొకని నోట నున్నది; అది తెఱచుకొన్నది స్వామికార్యమునకే. జటాయువును తలచుడు. ఆ పక్షి సీతను కాపాడలేదు. పోరి, ఱెక్కలు తెగి, నేలబడెను. మా సీమలోని లేపాక్షిలో నేటికిని ఆ పడిన పక్షినే తలచుకొందురు. జటాయువు కథ విన్న బిడ్డకు వీరుడు ఓడిపోవచ్చుననియు, ఓడియు వీరుడే యనియు తెలియును. ఆ బిడ్డ మేడ యంచున నిలిచి యెవరో పట్టుకొందురని యెదురుచూడడు.

ఇదే ఒఱపుఱాతిమీద మన తెలుగు రాజధానిలో పుట్టిన వీరుని నొకని గీచి చూతము. హైదరాబాదునందలి గ్రీన్ గోల్డ్ సంస్థవారు, రాజీవ్ చిలక సృష్టిగా, 2008లో పోగో చానలునకు అందించిన ఛోటా భీమ్ నేడు దేశమెల్ల నెఱిగిన బాలవీరుడు. "ఇతడు భారతములోని భీముడు కాడు" అని పెద్దలందురు. నిజమే; పేరును బలమును మాత్రము తెచ్చుకొనెను. దానిని దోషముగా లెక్కింపను. లడ్డు తినగానే బలము వచ్చుటను పరిహసించువారును కలరు. భారతములోని భీముడును తిండికి పేరుపడినవాడే గదా! ఏకచక్రపురమున బకునికి పంపిన బండెడన్నమును తానే తినెను. కాని యన్నము తినుటకు ముందు, ఆశ్రయమిచ్చిన పేద బ్రాహ్మణ కుటుంబమునకు మాఱుగా, తల్లి యానతిచే, చావునకు సిద్ధపడి బయలుదేఱెను. ఆ తిండికి ఋణము కలదు. ఛోటా భీమ్ లడ్డులో అట్టి ఋణము పలుచన. లడ్డు దొరకినంతనే తగవు పిడికిలితో తీరుచున్నది. తల్లిదండ్రుల ఫిర్యాదున కిది యాధారము. మెచ్చదగిన యంశమును కలదు. ఆ లడ్డు పెక్కుమాఱులు చుట్కీ యను నేస్తురాలి చేతినుండి వచ్చును. తన బలము ఒక స్నేహితురాలి చేతిలో నుండుట యనునది జాంబవంతుని మాటకు దూరపు బంధువే. దానిని పెంచినచో ఆ కథ యింకను గొప్పదగును. తెలుగుగడ్డపై గీయబడిన యీ వీరుడు ధోలక్‌పూర్‌లో నివసించుటయు, మన బిడ్డలకు మాఱుగొంతుతో పలుకుటయు మాత్రము ఆలోచింపవలసిన విషయము.

ప్రేక్షకుడెట్లుండవలయునో భరతుడు నాట్యశాస్త్రమున విచారించెను. శూరులు వీరరౌద్రములందును, వృద్ధులు పురాణకథలందును తృప్తిపడుదురనియు, బాలురు హాస్యమునకును వేషమునకును మురియుదురనియు చెప్పెను. ఆ చివరి పంక్తిలోనే స్త్రీలను మూర్ఖులతో జతచేసిన మాట నేటివారికి త్యాజ్యము. పైని చెప్పిన కథలో అపాయమును ముందు పసిగట్టి నోరెత్తినవారిలో తల్లులే యెక్కువ. బాలుడు వేషమునకు మురియుట మాత్రము సహజము. వేషము దాటి చూచుట నేర్పవలసిన పని. పూర్వమా పని ప్రదర్శనములోనే జరుగుచుండెను. ధర్మవరము చేరువ నిమ్మలకుంటలో నేటికిని తోలుబొమ్మల కళ బ్రతికియున్నది. అక్కడి దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ బిరుదము వచ్చెను. మేకతోలు పలుచనచేసి రంగులద్దిన హనుమంతుడు దీపపు వెలుగున తెల్లబట్టపై ఎగురుచుండగా నడుమ కేతిగాడును బంగారక్కయు దూఱి, మోటుమాటలతో, పరాచికములతో రాజులను వీరులను సైతము ఆటపట్టింతురు. అది ప్రేక్షకుని గొంతు. ఎదుట తాతయు మనుమడును ఒక్క చాపమీద కూర్చుండి చూతురు. బిడ్డ సందేహమునకు అక్కడికక్కడే జవాబు దొరకును. నేడు బిడ్డ సెల్‌ఫోను చేతబట్టి మూలను ఒంటరిగా చూచుచున్నాడు. కేతిగాడు లేడు, తాత లేడు. శక్తిమాన్ చివర చేర్చిన నీతిఘట్టము ఆ లోటును పూడ్చుటకు చేసిన యొంటరి ప్రయత్నము.

కావున నిషేధమును కోరువారితో ఏకీభవింపజాలను. ఒక ధారావాహికను మాన్పించిన పది వచ్చును. చూచినదానిని విచారించు నేర్పును బడులలో అలవఱచవలయును. వారమున కొక గంట చాలును. బిడ్డలు తమకిష్టమైన వీరుని కథ చెప్పగా, ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలు వేయవలయును. ఈ వీరునికి బలమెక్కడనుండి వచ్చినది, దానికతడేమి చెల్లించెను? అతడు చేయలేని పని యేది? అతడు రాకున్నచో ఊరివారు తమకుదా మేమి చేసికొనియుందురు? మూడవ ప్రశ్న మా కరవుసీమ బిడ్డలకు మఱింత యవసరము. ఇచ్చట వాన తప్పిన యేట ఆకాశమునుండి దిగివచ్చు వీరుడు లేడు. చెఱువు పూడిక తీయువారు, గట్టు వేయువారు ఊరివారే. ఈ ప్రశ్నలకు జవాబు వెదకిన బాలుడు శక్తిమాన్‌ను తక్కువగా ప్రేమింపడు. అతని కథలో నేది లోపమో తానే చెప్పగలడు.

తెలుగున వ్రాయువారికిని బొమ్మలు గీయువారికిని ఒక విన్నపము. అచ్చు పరదేశముదైనను సిగ్గుపడ నక్కఱలేదు. వేషము ఎఱ్ఱనిదో నీలమో మీ యిష్టము. మీ వీరునికి ఒక ఋణమును, ఒక హద్దును, తలపించు జాంబవంతుని నొకనిని ఇయ్యుడు. అట్టివాడు మా పిల్లల మాటలతో మాటలాడుచు తెఱమీదికి వచ్చిననాడు, పుస్తకమువలె లేదని కుఱ్ఱవారును, మా నాటిదే మేలని తండ్రులును వాదించుకొననిండు. తల్లులు మాత్రము బిడ్డను మేడమీదికి నిశ్చింతగా పంపగలరు.